పడవల లోపలి పేర్లు

"నీళ్లల్లో ఎవరమ్మా, నీడల్లో ఎవరమ్మా,
పేరైనా పెట్టకుండా పిలిచేదెవరమ్మా,
పలకబోకు, పలకబోకు, ఓ తెడ్డువాడా..."

ఆ తరవాత చరణం ముసలమ్మకు గుర్తులేదు. తన చిన్నతనంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లందరూ పాడేవారు. ఇప్పుడు అక్కడిదాకా వచ్చి, ఊఁ ఊఁ అని రాగం తీసి ఊరుకుంటుంది.

ఆఫ్రికా నడుమ, అవతలి ఒడ్డు కనబడని సరస్సు ఒకటుంది. దాని ఒడ్డున ఆ ముసలమ్మ చేపలకు పొగబెట్టి అమ్ముకునేది. అంతకంటే పెద్ద పని ఇంకోటి కూడా ఆమెదే. గాలి చెడితే గట్టెక్కి, కొమ్ము ఊది పడవల్ని వెనక్కి పిలవాలి.

ఆ సరస్సు మనుషుల గొంతులు నేర్చుకుంటుందని అక్కడివాళ్ల నమ్మకం. అమ్మ గొంతుతో పిలుస్తుందట, పెళ్లాం గొంతుతో పిలుస్తుందట. పలికావా, పోయినట్టే. అందుకని కొత్త పడవ మొదటిసారి నీళ్లను తాకే క్షణాన ముసలమ్మ అక్కడ ఉండాలి. ఆ క్షణంలో తన కంట ఏది పడితే దాన్నే పేరుగా కట్టి, పడవవాడి చెవిలో ఊదాలి. అది ఆ పడవ లోపలి పేరు.

పడవ పక్కన రంగులతో రాసుకునే పేరు అందరిదీ. లోపలి పేరు మాత్రం ఆ ఇద్దరిదే. మూడో మనిషి వినకూడదు. ముసలమ్మ కొమ్ము ఊదేటప్పుడు కూడా ఆ పేరు ఎలా సాగుతుందో, ఎక్కడ విరుగుతుందో అలాగే ఊదుతుంది. మిగతావాళ్లకు అది ఉత్త బూర. ఎవరి పేరో వాడికి మాత్రం ఒళ్లు ఝల్లుమంటుంది, వెనక్కి తిరుగుతాడు. పేరు లేని పిలుపు వినబడితే, అది ఎంత కావలసినవాళ్ల గొంతైనా సరే, అది రమ్మన్న దిక్కుకు దూరంగా తెడ్డు వెయ్యాలి. అదీ అక్కడి కట్టు.

రానురాను ఒడ్డు దగ్గర చేపలు పలచబడ్డాయి. పడవలు కొమ్ము వినబడనంత లోపలికి పోసాగాయి. ముసలమ్మకు ఊపిరి తగ్గింది, కళ్లకు పొర కమ్మింది. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒక పిల్ల తీగల చుట్టలు భుజాన వేసుకుని దిగింది.

ఆ పిల్లా, ఇద్దరు స్నేహితులూ కలిసి టైర్ల కొట్టు మీది గదిలో ఒక కంపెనీ పెట్టుకున్నారు. సరస్సు మధ్య లంకలో ఒక స్తంభం పాతారు. దాని నెత్తిన చిన్న గిన్నెలు, గాలి వస్తే గిరగిరా తిరుగుతాయి. ఎండతో నడిచే ఒక పలక. పడవ ఎక్కడుందో చెప్పడానికి పడవకొక అగ్గిపెట్టెంత డబ్బా. గిన్నెలు జోరుగా తిరిగాయంటే చాలు, నీళ్ల మీద ఉన్న ప్రతి ఫోనూ మోగుతుంది. ఎక్కడో లంకలో లేచిన గాలి సంగతి అరచేతిలో పలకడమంటే మాటలా మరి!

"గొంతు ఒకటి కావాలవ్వా" అంది పిల్ల. "నా గొంతుతో చెబితే నవ్వుతారు. నువ్వు చెబితే వింటారు."

"కొమ్ము ఊదనా?"

ఊదింది. ఫోనులో అది మేక అరిచినట్టు వచ్చింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలమ్మ తమ్ముడు పడిపడి నవ్వాడు. వాడూ ముసలివాడే, నోట్లో పళ్లు లేవు. "అక్కా, దీన్ని విని పడవలు రావు, చిరుతపులులొస్తాయి!"

"నీ మొహం. నువ్వు వల చూసుకో."

చివరికి నోటితోనే చెప్పింది. "గాలి చెడింది. వెనక్కి రండి." ఒడ్డున కూర్చుని అందరూ ఫోనుల్లో విన్నారు, బాగుందన్నారు. పేర్ల సంగతి ముసలమ్మకు తట్టకపోలేదు. కానీ అవి నీళ్ల మీద పోయే పిలుపులకు కదా! ఇది అరచేతిలో పలికేది. ఇందులోకి సరస్సు ఎలా దూరుతుంది అనుకుంది. పిల్లకు పేర్లున్నాయనే తెలియదు. పడవవాళ్లెవరూ నోరు విప్పలేదు. లోపలి పేరు గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

కొన్నాళ్లకు, చేపలు చూడటానికి కాక పిల్ల పని చూడటానికి, మహానగరం నుంచి డబ్బు పెట్టే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఇసకలో కూడా మెరిసే బూట్లు. ఆయన ఊఁ అంటే ఈ గిన్నెలు అన్ని రేవులకూ వెళతాయి. ఉహుఁ అంటే టైర్ల కొట్టు మీది గదికి తాళం.

ఆ రోజు మధ్యాహ్నం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. బోర్లించిన చేపల బుట్ట మీద పిల్ల తెర పెట్టింది. నీలం మీద పచ్చని చుక్కలు, చుక్కకొక పడవ. పెద్దమనిషి వంగి చూస్తుండగానే తెర కీచుమంది.

"గాలి! లంక దగ్గర లేచింది."

"ఎక్కడమ్మా? ఇక్కడ ఆకు కదలడం లేదు."

"ఇక్కడికొచ్చేలోగా చెప్పడానికే కదా సార్ ఇదంతా."

ఫోనులు మోగాయి. నీళ్ల మీద అందరి చెవుల్లోనూ ముసలమ్మ పలికింది. తెర మీద చుక్కలు ఆగాయి. తరవాత కదిలాయి.

"తిరిగాయి, తిరిగాయి!" అని పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. పిల్ల కొట్టలేదు. ఆయన మళ్లీ చూసి, "బొమ్మ తలకిందులైనట్టుంది, సరిగా పెట్టు" అన్నాడు. బొమ్మ సరిగానే ఉంది.

"ఏమే పిల్లా, మాట్లాడవేం?" అంది పొయ్యి దగ్గర నుంచి ముసలమ్మ.

"అవ్వా... పడవలు లోపలికి పోతున్నాయి. గాలికి ఎదురు పోతున్నాయి."

ముసలమ్మ చేతిలో పట్టకారు జారిపోయింది. "నా గొంతు ఏమని పలికింది?"

"నువ్వు చెప్పిందే. గాలి చెడింది, వెనక్కి రండి అని. ఆగు, మళ్లీ పంపుతాను."

"పంపకు!" ఆ కేకకు ఒడ్డంతా తిరిగి చూసింది. "ఎన్నిసార్లు పిలిస్తే అంత దూరం పోతారే. నన్ను సరస్సనుకుంటున్నారు."

అప్పుడు చెప్పింది పేర్ల సంగతి, గబగబా, సగం సగం. దక్షిణాన నీళ్ల మీద సన్నని నల్లగీత ఒకటి కనబడింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే చేపలు వదిలేసి లేచి నిలబడ్డారు.

"తమ్ముడు కూడా నీళ్ల మీదే ఉన్నాడే, ఫోను చెయ్యి. ముందు వాడికి చెయ్యి."

ఫోను మోగగా మోగగా ఎత్తాడు. అవతల మాట లేదు. తెడ్డు చప్పుడు, గాలి చప్పుడు.

"ఒరేయ్, నేనురా. అక్కని."

తెడ్డు చప్పుడు ఇంకా జోరైంది.

"నీ నోట్లో పళ్లు లేవు, నీ ఎడమకాలి చిటికెనవేలు నేనే తొక్కి విరగ్గొట్టాను. నేను కాకపోతే ఎవరికి తెలుస్తుందిరా ఇది?"

తెడ్డు ఆగలేదు. సరస్సుకు మాత్రం తెలియదా? అది ఎన్నేళ్లుగా ఆ ఒడ్డు కబుర్లన్నీ వింటోంది. ముసలమ్మ చుట్టూ చూసింది. ఒడ్డున ఇంతమంది. ఈ పిల్ల. బూట్లాయన. ఇక్కడ నోరు విప్పితే ఇక ఆ పేర్లు పేర్లు కావు. రేపటి నుంచి ఎవరైనా ఏ పడవనైనా పిలవవచ్చు. విప్పకపోతే రేపు పిలవడానికి పడవలే ఉండవు.

ఆడవాళ్లకు అర్థమైంది. అందరూ అటు తిరిగి, పైగుడ్డలు చెవులకు అదుముకున్నారు. పెద్దమనిషి ఒక్కడే అలాగే నిలబడ్డాడు. ఆయనకేం తెలుసు పాపం.

"అక్క చంక దిగని పిల్లాడా," అంది ముసలమ్మ ఫోనులో. "తిరిగి రా."

తెడ్డు ఆగింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు.

ఇక ఆగలేదు. పిల్ల ఒక్కో పడవకూ ఫోను కలపడం, అవతల నోరు మెదపకుండా వింటున్న చెవిలో ముసలమ్మ పేరు పెట్టి పిలవడం. "ఎండలో తుమ్మిన మేకా, తిరిగి రా! కోపమొచ్చి బిందె తన్నిన పెద్దమ్మా, తిరిగి రా!" అంత భయంలోనూ, గుడ్డ సరిగా అదమని ఒకామె కిసుక్కుమంది, వెంటనే ఏడ్చింది. ఒక్కో చుక్కా ఆగి, ముఖం తిప్పి, ఒడ్డు వైపు పాకసాగింది. గాలి గట్టు దాకా వచ్చేసింది. పొయ్యిలో పొగ నేల మీద పడి దొర్లింది.

ఒక్క చుక్క మాత్రం లోపలికే పోతోంది. అది అందరికంటే కొత్త పడవ. దాని ఫోను మోగడమే లేదు. పేరులేని పిలుపుకు బెదిరి, వాళ్లు దాన్ని నీళ్లలో విసిరేశారు.

తమ్ముడి నుంచి ఫోను వచ్చింది. "అక్కా, కొత్త పడవ నాకు కనబడుతోంది. చెయ్యి ఊపుతున్నాను, చూడటం లేదు. దాని పేరు చెప్పు."

"నువ్వు తిరుగు ముందు."

"చెప్పవే తల్లీ, నీకు దణ్ణం పెడతా. పేరు లేకుండా అరిస్తే ఇంకా పారిపోతారు."

ఒక పడవవాడికి ఇంకో పడవ పేరు చెప్పడం అంతవరకూ ఏ తరంలోనూ జరగలేదు. ముసలమ్మ కళ్లు మూసుకుంది. ఆ పడవ నీళ్లను తాకిన పొద్దున, మసక కళ్లతో తాను చూసింది మళ్లీ చూసింది.

"తీగలు మోసుకొచ్చిన పిల్ల."

పక్కన తెర పట్టుకున్న పిల్ల ఉలిక్కిపడి, ముసలమ్మ మొహంలోకి చూసింది. తెర మీద తమ్ముడి పచ్చచుక్క వెనక్కి తిరిగి, గాలిలోకి పోసాగింది.

అవతల తమ్ముడు ఇంకేదో అన్నాడు. గాలి హోరులో అది ముసలమ్మ చెవికే తప్ప ఎవరికీ వినబడలేదు. తరవాత ఫోను పోయింది.

పొద్దు వాలకముందే పడవలు వచ్చాయి. కొన్నిటికి తెడ్లు లేవు, కొన్నిటికి వలలు లేవు, మనుషులున్నారు. అందరికంటే చివర కొత్త పడవ వచ్చింది. అందులోవాళ్లు ఇసకలో బోర్లాపడి వగరుస్తూ, "మమ్మల్ని ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఒడ్డు వైపు నుంచి కాదు, లోపలి నుంచి" అన్నారు.

తమ్ముడి పడవ రాలేదు. తెర మీద దాని చుక్క కొంతసేపు ఒకచోటే ఉండి, ఆరిపోయింది.

పెద్దమనిషికి ఆ పని నచ్చింది. "ఆ పేర్లన్నీ డబ్బాలో ఎక్కించేస్తే సరి" అన్నాడు. "అన్ని రేవులకూ నేను తీసుకెళతాను."

"ఈ గొంతు ఈ రేవు దాటదు సార్," అంది పిల్ల. "పేర్లు డబ్బాలోకి ఎక్కవు. ఏ రేవు పడవల్ని ఆ రేవు మనిషే, ఆ పూటకాపూట, పిలుచుకోవాలి. తీగలు మాత్రం నేనిస్తాను." ఆయన బూట్ల ఇసక దులుపుకుని వెళ్లిపోయాడు. టైర్ల కొట్టు మీది గదికి తాళం పడింది. పిల్ల తీగల చుట్టలతో రేవులోనే ఒక గుడిసెలోకి మారింది.

వినబడిపోయిన పేర్లను అలా ఉంచకూడదు. పడవలన్నిటినీ ఒడ్డెక్కించి, అడుగు బాగా ఎండనిచ్చి, మళ్లీ కొత్తగా నీళ్లలోకి దించారు. ముసలమ్మ చూపు అప్పటికి పూర్తిగా పోయింది. ఒక్కో పడవా నీళ్లను తాకినప్పుడు, "ఏం కనబడిందే?" అని అడిగేది. పిల్ల తన కంట పడింది చెప్పేది. ముసలమ్మ దాన్ని పేరుగా కట్టి పడవవాడి చెవిలో ఊదేది. గాలి లేచినప్పుడు ఫోనులో పిలిచేది ఇప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు, బతికున్న నోటితో.

ఒక మధ్యాహ్నం పిల్ల తెర ముందు కూర్చుని చాలాసేపు కదలలేదు.

"అవ్వా, మనం ఇంకా ఎవరినీ పిలవలేదు. లంకలో గిన్నెలు కూడా తిరగడం లేదు. పడవలన్నీ వెనక్కి తిరిగాయి. మొన్న కూడా ఇలాగే అయింది. అడిగితే, పేరు పెట్టి పిలిచారు కదా అంటున్నారు."

ముసలమ్మ చేపను తిరగేసింది. కాసేపటికి దక్షిణం నుంచి మొదటి చల్లగాలి వచ్చి మొహానికి తగిలింది. తెర అప్పుడు కీచుమంది.

"ఎవరవ్వా పిలిచేది? ఆ రోజు ఫోను పోయే ముందు మీ తమ్ముడు నీతో ఏదో అన్నాడు. ఏమన్నాడు?"

అంతవరకూ ఎంతమంది అడిగినా ముసలమ్మ చెప్పలేదు. పట్టకారు పక్కన పెట్టి, చేతులు పైగుడ్డకు తుడుచుకుని, నీళ్ల వైపు తిరిగి చెప్పింది.

"ఇంక అరవకు అక్కా, గొంతు పోతుంది. ఇక్కణ్ణుంచి నేను పిలుస్తాలే."