ఎరపిండి కుండ

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక బావురుపిల్లి ఉండేది. మన పొయ్యి పక్కన ముడుచుకు పడుకునే పిల్లి కాదర్రా. ఇది నీళ్ళలోకి దిగి చేపని పట్టుకునే పిల్లి. దానికి మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలు. ఏడుస్తూ కూచుంటే ఎవరి కడుపూ నిండదు కదా, వేటకి పోయేది.

ఏటా ఎండాకాలం ఆఖర్న పిల్లి, ఎలుగుబంటి, కొంగ కలిసి కొండవతల మడుగుకి పోయేవాళ్ళు. మూడు రోజులు అక్కడే మకాం. ఆ మడుగులో బంగారుతీగ చేపలుంటాయి. ఒక్కోటి గుమ్మడికాయంత. వాటిని అక్కడే చీల్చి, ఉప్పు రాసి, ఇంటికి తెచ్చి రాళ్ళ మీద ఎండబెట్టుకోవాలి. వానలు పడి వాగు పొంగిందంటే ఇక వేట ఉండదు. ఎలుగుకి చెట్లున్నాయి. కొంగకి కప్పలున్నాయి. పిల్లికీ పిల్లలకీ మాత్రం వానాకాలమంతా ఆ ఎండుచేపలే.

బంగారుతీగ ఊరికే రాదు. ముందు రేవులో ఎరపిండి చల్లాలి. ఆ రుచికి చేపలన్నీ అక్కడికి చేరతాయి. అప్పుడు గాలం వెయ్యాలి. ఆ పిండి కలపడం ఇన్నేళ్ళూ పిల్లి పనే.

"పిల్లక్క చెయ్యి పడితే గానీ చేప కదలదు" అనేవాడు ఎలుగు.

ఆ ఒక్క మాట కోసం పిల్లి ఎంత చాకిరీ అయినా చేసేది.

ఆ ఏడు కొత్తగా ఒక నీటికుక్క వచ్చి వాగు ఒడ్డున కాపురం పెట్టింది. కొంగ దాన్ని కూడా వేటకి పిలిచాడు.

"నలుగురైతే సామాను మొయ్యడం తేలిక" అన్నాడు.

"మొయ్యడానికే అయితే రమ్మను" అంది పిల్లి.

సర్దుడు మొదలైంది. ఎలుగు ఉప్పు మూట కట్టాడు. కొంగ గాలాలు సానబెట్టాడు. పిల్లి ఎప్పట్లాగే తవుడు వేయించి, తెలగపిండి కలిపి కుండకెత్తింది. నీటికుక్క కూడా ఒక కుండ తెచ్చింది. తవుడులో ఇప్పపువ్వు, కాస్త తేనె వేసి మూడు రోజులు మాగబెట్టిందట. మూత తియ్యగానే వాగంతా వాసన.

కొంగ ఓ చిన్న ముద్ద తీసి వాగులో వేశాడు. అటు పోతున్న చేపలు ఇటు తిరిగాయి.

"ఇదేంటి, పేరు పెట్టి పిలిచినట్టు వస్తున్నాయి" అన్నాడు.

ఎలుగు ఆ కుండ పక్కనే చతికిలబడ్డాడు. "చేపలకెందుకు దండగ, నాకు పెట్టెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లి నవ్వలేదు.

నీటికుక్క పిల్లి దగ్గరకొచ్చింది. "అక్కా, తవుడు ఎంతసేపు వేయిస్తావు? నాకు నేర్పవూ?"

"నీకు నేర్పేంత గొప్పదాన్నా నేను?" అని పిల్లి ఇంటికొచ్చేసింది.

ఇంటి దగ్గర పిల్లలిద్దరూ గాలిలోకి ముక్కులు పెట్టి నిలబడ్డారు.

"అమ్మా, నీటికుక్క పిన్ని పిండి ఎంత కమ్మగా ఉందో. నీదెందుకలా ఉండదు?" అంది చిన్నది.

ఇంకేముంది, పిల్లికి గుండెల్లో మంట లేచింది. 'ఇన్నేళ్ళు నేను చేసింది నాలుగు పువ్వులు వేసేసరికి మర్చిపోయారా? చివరికి నా పిల్లలు కూడానా?' అనుకుంది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నాలుగు గుప్పెళ్ళ వేపగింజలు నూరింది. పోయి నీటికుక్క కుండలో కలిపేసి, పైన మళ్ళీ ఇప్పపువ్వు పరిచింది.

'రేవులో చల్లేది ఎలాగూ నా పిండే. దాని కుండ దాని గాలానికే. ఒక్క చేపా ముట్టకపోతే అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి' అనుకుంది.

బయల్దేరేటప్పుడు పిల్లలు ఎదురొచ్చారు. "అమ్మా, నువ్వొచ్చేసరికి రాళ్ళు కడిగి ఉంచుతాం" అన్నారు.

మడుగుకి ఒకటే రేవు. అవతలి ఒడ్డున మొసలి. సామాను దించగానే ఎలుగు అన్నాడు, "ఈసారి చెల్లి పిండి చల్లుదాం."

పిల్లి ఇది అనుకోలేదు.

"వద్దు అన్నయ్యా" అంది నీటికుక్క. "అక్క పెద్దది. అక్కదే చల్లండి."

చూశారా, పిల్లి అక్కడ సరేనంటే సరిపోయేది. కానీ ఆ కొత్తది దయతలిచి ఇస్తే పుచ్చుకోవడమా? 'ఒకరోజు పోతే పోయింది. రేపు నా పిండితో చేపల్ని రప్పించి చూపిస్తా' అనుకుంది.

"అందరికీ నచ్చింది నీదేగా. నీదే చల్లు" అంది.

నీటికుక్క కుండంతా చల్లింది.

మొదటి రోజు ఒక్క గాలమూ కదల్లేదు. "పాపం, పువ్వులు పనిచెయ్యలేదు" అంది పిల్లి.

రెండో రోజు పిల్లి తన కుండంతా కుమ్మరించింది. వాగైతే చేదు కొట్టుకుపోయేది. మడుగు నీళ్ళు కదలవు. రేవంతా చేదే. పిల్లి కుండ కూడా దండగైపోయింది.

మూడో రోజు చేపలన్నీ మొసలి ఒడ్డున ఎగురుతుంటే వీళ్ళు ఇవతల కూచుని చూశారు.

నీటికుక్క కుండ అడుగు గీకి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. ఎలుగు కుండ అందుకుని వాసన చూశాడు.

"వేప" అన్నాడు. "బయల్దేరిన రోజు నీ చేతుల నిండా ఇదే వాసన, పిల్లక్కా. పుండుకి రాసుకున్నావేమో అనుకున్నా."



"నా మీద కోపమైతే నన్ను రెండు తిట్టాల్సింది. రేవు నీకేం చేసిందక్కా?" అంది నీటికుక్క.

కొంగ గాలాలు చుట్టేశాడు. దారంతా ఎవరూ పిల్లితో మాట్లాడలేదు.

ఇంటి ముందు రాళ్ళు తెల్లగా కడిగి, వరసగా పేర్చి ఉన్నాయి. పక్కనే పిల్లలిద్దరూ. ఎలుగు భుజం మీది ఉప్పు మూట ముడి కూడా విప్పలేదని చూశారు.

"చేపలేవమ్మా?"

"ఉన్నాయి. నేనే తోలేశాను" అంది పిల్లి.

కడిగిన రాళ్ళ మీద మొదటి వానచుక్క పడింది.

నీతి: పక్కవాళ్ళ మీద కుళ్ళుతో కలిపిన చేదు ముందు మన పిల్లల కంచంలోనే పడుతుంది.