మీట నొక్కని ఎలుకలు

హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో విభాకర్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. తెలివికి లోటు లేదు గానీ, తనకు కావలసింది చూసి మిగతాది వదిలేసే తొందర మనిషి. అతని తమ్ముడు శశాంక్‌కు రోడ్డు ప్రమాదంలో నడుం విరిగింది. నొప్పికని ఇచ్చిన మాత్రలు నొప్పి తగ్గాక కూడా అతణ్ని వదల్లేదు. ఆ మత్తు వదిలించే మందు కోసం విభాకర్ నిద్రాహారాలు మానేశాడు.

ఆ మందును ముందు ఎలుకల మీద పరీక్షించేవాడు. ఎలుకలు రాత్రి తిరిగే జీవాలు కదా. అందుకని వాటి గదిలో పగలంతా కిటికీలు మూసి, వాటి కంటికి ఆనని ఎర్ర దీపం ఒక్కటే వెలిగించేవారు. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ మునిమాపే. ఎలుకలు బోనులోని మీట నొక్కేవి, మార్ఫిన్ అనే మత్తుమందు చుక్క ఒంట్లోకి దిగేది, మళ్లీ నొక్కేవి. చూస్తూ చూస్తూ విభాకర్ కూడా ఏదో కలలోకి జారిపోయేవాడు. ఆ కలలో తమ్ముడు మునుపటిలా నవ్వుతూ ఉండేవాడు.

కొత్త మందు ఇచ్చిన నాలుగో రోజున ఒక్క ఎలుకా మీట జోలికి పోలేదు. విభాకర్ కాళ్లు నేలమీద నిలవలేదు. మనుషుల మీద పరీక్షకు అనుమతి కోరుతూ ఉత్తరం పంపేశాడు. మందు దొరికిందని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

ఎలుకల బాగోగులు చూసే సాయమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అవి గూడు కట్టుకోవడానికి ఆమె రోజూ కాగితాలు వేసేది. పొద్దున వేస్తే సాయంత్రానికి పీచుపీచు చేసేసేవి.

"సారూ, కాయితం గూడ ముట్టుకుంటలేవు. ఊకె కండ్లు తెరుచుకొని పండుకుంటున్నయి," అంది.

కాగితం లెక్కలోకి రాదని విభాకర్ విసుక్కున్నాడు. నిజమే, యంత్రం లెక్కపెట్టేది మీట ఒక్కటే. అయినా ఆమె మాట మనసులో నలుగుతూనే ఉంది. చక్కెర నీళ్లు పెట్టి చూశాడు. ముట్టలేదు. తోటి ఎలుకను పక్కన వదిలాడు. వాసనైనా చూడలేదు. ఆ మందు తీసేసింది ఒక్క మత్తు మీద కోరికనే కాదు. కోరిక అన్నదాన్నే తీసేసింది. ఆ ఎర్రటి వెలుగులో, బోనులో పడుకున్నది తన తమ్ముడే అనిపించింది.

ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. ఇంకొన్నాళ్లు పాత చికిత్సతోనే నెట్టుకురావాలన్నాడు.

"ఆగుతాలే అన్నా. మత్తుతో పాటు నన్ను కూడా తీసుకుపోయే మందు నాకొద్దు," అన్నాడు శశాంక్.

మేలు చెయ్యాలన్న తొందరలో సగం నిజం చూసి ఆగిపోతే, ఆ మేలే కీడవుతుంది.