కాగితం ఉన్న ఇల్లు

గోదావరి పాయలో ఇనప పీపాల మీద తేలే ఇల్లు మరిడయ్యది. ఆ పాయలో బుర్రంటూ ఉన్నది తనకీ తమ్ముడు నూకరాజుకీ మాత్రమేనని అతని నమ్మకం. తమ్ముడిదీ అదే నమ్మకం.

మరిడయ్య భార్య వీరమణికి నెలలు నిండుతున్నాయి. పుట్టింట్లో వదినతో పడదు, కాన్పు ఇక్కడే కావాలంది. అందుకని అన్నదమ్ములు ఇంటికి ఇంకో గది వేశారు. అది చూడ్డానికి తేలే ఇళ్ళ తనిఖీ ఆఫీసరు వచ్చాడు.

"ఇంటి పక్కన గీసిన ఎర్రగీత నీళ్ళలో మునగకూడదు. ప్రాణానికొక ఈత బెల్టు ఉండాలి. ఖాళీ డబ్బాలూ డొక్కులూ తీసెయ్యండి. ఇవన్నీ చేస్తేనే ఇంటికి అనుమతి కాగితం. లేదంటే వరదలకి ముందే ఇల్లు ఖాళీ చేయిస్తాను," అని చెప్పి వెళ్ళాడు.

అంతే, పని మొదలైంది. వీరమణికి రెండు బెల్టులు కట్టారు, కడుపులోది కూడా ప్రాణమే కదా అని. కోడికి ఒకటి కట్టారు. అది నడవడం మానేసింది.

నూకరాజు వంటింటి డబ్బాలన్నీ గట్టుమీద పెట్టి, ఇల్లంతా తట్టి చూశాడు.

"అన్నయ్యా, కింద పీపాలన్నీ ఖాళీయే. ఇన్నాళ్ళూ ఉత్తివే మోత్తన్నాం."

"ఆఫీసరు చూత్తే పరువు పోద్ది. లాగెయ్."

కొత్తగది కింద పీపాలు లాగేశారు. ఇంకేముంది, ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. వీరమణి పీటతో సహా జారి మూలకి చేరింది. ఎర్రగీత మునిగింది. నూకరాజు దాన్ని గోకేసి, కిటికీ పైన కొత్తది గీశాడు.

మర్నాడు ఆఫీసరు వచ్చి చూసి, చాలాసేపు గట్టుమీద కూర్చున్నాడు. పాపం, మంచివాడు. తనే మనుషుల్ని పిలిపించి పీపాలు మళ్ళీ బిగించి, గీత సరిచేసి, నిండు మనిషిని చూసి కాగితం ఇచ్చాడు.

"గాలికి పోకుండా గట్టిగా తగిలించండి. పోతే మళ్ళీ ఇవ్వను."

ఇంట్లో అన్నిటికన్నా గట్టిది ఏదని అన్నదమ్ములు ఆలోచించారు. గోడ చెక్క, పైన తాటాకు. ఇనప పీపాయే గట్టిది. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూలకో మేకు చొప్పున పీపాకి దిగ్గొట్టారు. పీపా బుడబుడమంది.

"ఇది గట్టిది కాదు," అని మేకులు పీకి పక్కదానికి కొట్టారు. అదీ బుడబుడమంది. అంతే, వరసగా అన్నీ అయ్యాయి.

నీళ్ళు గదిలోకొచ్చాయి. వీరమణి నడుం పట్టుకుంది.

"ఏవండీ, నొప్పులొత్తన్నాయి. ఇల్లు మునిగిపోతంది. మా వదిన దగ్గరికైనా పంపండి."

"ఎందుకే? కాగితం ఉన్న ఇల్లు ఎలా మునుగుద్ది?" అన్నాడు మరిడయ్య. అయినా భార్య మనసు కుదుటపడాలి కదా, తమ్ముణ్ణి కాగితం చూసి రమ్మన్నాడు. నూకరాజు బుడుంగున మునిగి, కాసేపటికి పైకి తేలాడు.

"ఉందన్నయ్యా. కదల్లేదు."

"విన్నావుగా," అని, మరిడయ్య మెడలోతు నీళ్ళలో నిలబడి దూలానికి ఉయ్యాల కట్టడం మొదలుపెట్టాడు.