ముప్పయి ఆరు వేలిముద్రలు

భానోజీకి భయం పట్టుకుంది. నిన్న సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది మొదలు అతనికి అన్నం సయించలేదు. పొద్దున్నే తొమ్మిది కాకుండానే విశ్వవిద్యాలయానికి వచ్చి, తాళం వేసి ఉన్న గురువుగారి గది ముందు నిలబడ్డాడు.

భానోజీ అక్కడ వాతావరణ విధానాల విభాగంలో పరిశోధకుడు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఏం పని అని ఇంట్లో అడిగితే ఇలా చెప్పేవాడు: పొగ వదిలే ఫ్యాక్టరీలు అడవిని కాపాడే ఊళ్ళ దగ్గర కార్బన్ క్రెడిట్లు కొనుక్కుంటాయి, ఆ బేరం ఎలా సాగాలో లెక్కలు కట్టి ప్రభుత్వానికి చెప్పాలి. వాళ్ళమ్మ అంతా విని, గాలి కూడా అమ్ముతున్నారా అని నోరు నొక్కుకునేది.

ఆరు నెలలుగా అతను ఏజెన్సీ అడవుల్లో ఒక కొండ మీదున్న చింతగరువు అనే ఊరి మీద పనిచేశాడు. ముప్పయి ఆరు గడపల ఊరు. వాళ్ళు ఆ కొండ మీద పచ్చి చెట్టుకి గొడ్డలి పెట్టగా చూసినవాళ్ళు లేరు. ఎండాకాలం వస్తే ఆడవాళ్ళు తెల్లారగట్లే వెళ్ళి, నిప్పు పాకకుండా కొండ చుట్టూ ఎండుటాకులు ఊడ్చి బాట తీస్తారు. ఆ ఊరికి ఒక మంచినీళ్ళ పైపు వేయించాలని భానోజీకి మనసులో గట్టిగా ఉండేది. క్రెడిట్లు వస్తే ఆ డబ్బుతో పైపు వస్తుంది.

చిక్కంతా దరఖాస్తులోని ఒక ప్రశ్న దగ్గర వచ్చింది. ఈ పథకం లేకపోతే ఈ అడవి ఏమవుతుంది? ఏమీ కాదు, ఇప్పుడున్నట్టే ఉంటుంది అని నిజం రాస్తే ఒక్క క్రెడిట్టూ రాదు. కాపాడుతున్నవాళ్ళకి చిల్లిగవ్వ లేదు, నరుకుతామని బెదిరించేవాళ్ళకి బహుమతి. ఈ రూలు పెట్టిన పెద్దవాళ్ళ తెలివి అలా ఉంది. భానోజీ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి అందరూ రాసేదే రాశాడు. పథకం లేని పక్షంలో ఈ గ్రామస్తులు పదేళ్ళలో ముప్పాతిక వంతు అడవిని నరికివేయగలరని అంచనా.

కాగితం ఇంగ్లీషులో ఉంది. కొండకి మంచి జరిగే కాగితం అని చెప్పి వేలిముద్రలు అడిగాడు. ముప్పయి ఆరు గడపలవాళ్ళూ వరసగా వచ్చి వేశారు. బుద్రి అనే ముసలామె వేలు చెంగుకి తుడుచుకుని, అంబలి తాగి వెళ్ళమంది. ఆమె మొగుడు ఎప్పుడో రెండు ఎండు దుంగలు మోసుకొస్తూ ఫారెస్టువాళ్ళకి పట్టుబడి ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. తిరిగొచ్చాక మళ్ళీ కొండ వైపు చూడలేదట. ఆ సంగతి ఆమే భానోజీకి చెప్పింది.

నిన్నటి ఫోన్ ఈ కాగితం గురించే. దరఖాస్తు చిత్తుప్రతి చదివిన ప్రభుత్వ కమిటీలోని ఒక అధికారి చేశాడు. గొంతు ఎంతో మెత్తగా ఉంది. దరఖాస్తు బాగుంది, నరకబోయేవాళ్ళ గురించి ముందే తెలియడం మంచిదయింది, గురువారం సమావేశానికి ఆ ఇళ్ళ యజమానుల పేర్లు వరసగా రాసి పంపించు, వాళ్ళని ఆ కొండ మీద ఉంచాలో దింపాలో ఆలోచిస్తాం అన్నాడు. భానోజీ అలాగే సార్ అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

గురువుగారి పేరు సన్యాసినాయుడు. రిటైరయ్యే వయసు. గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు కానీ, ఆయన నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగితే విద్యార్థులకి చెమటలు పట్టేవి. ఆయన వచ్చి తాళం తీస్తూ భానోజీ మొహం చూశారు.

“ఏటైంది? అలా ఉన్నావు?”

భానోజీ అంతా చెప్పాడు. ఆ వాక్యం తీసేస్తే పైపు పోతుంది, విభాగం పరువు పోతుంది, తన ఉద్యోగమూ పోవచ్చు. ఉంచితే ఊరినే కొండ దింపేస్తారేమో. అంతలోనే మళ్ళీ తనని తాను సమర్థించుకున్నాడు. అది అబద్ధం కాదన్నాడు. అంచనా మాత్రమే, పద్ధతి ప్రకారమే రాశానన్నాడు. ఎవరూ దాన్ని మనుషుల మీద ఆరోపణగా తీసుకోరని కూడా అన్నాడు.

సన్యాసినాయుడు గారు అవునన్నట్టు తలూపారు.

“సరే. నీ పొడిగింపు కాగితం నా దగ్గరే ఉండిపోయింది. ముందు ఆ పని చూద్దాం.”

సొరుగులోంచి ఫారం తీసి, సిఫారసుకు కారణం అన్నచోట తీరిగ్గా నాలుగు వరసలు రాశారు. తను సంతకం చేసి, కింద అభ్యర్థి సంతకం దగ్గర వేలు పెట్టి చూపించి, కాగితం అతని వైపు తిప్పారు. భానోజీ సంతకం చేశాడు. ఉద్యోగమైనా నిలబడిందని గుండె కాస్త కుదుటపడింది.

ఆయన గంట నొక్కి అటెండరు జమ్మయ్యని పిలిచారు. “ఇది రిజిస్ట్రారు గారికియ్యి. ఒక కాపీ తీయించి సెక్యూరిటీ ఆఫీసులో కూడా ఇచ్చెయ్యి.”

సెక్యూరిటీ ఆఫీసుకి ఎందుకు? భానోజీ అప్పుడు చదివాడు.

ఈ ఉద్యోగం పొడిగించని పక్షంలో వంజరాపు భానోజీ ఏడాదిలోగా ఈ విభాగంలోని ఏడు కంప్యూటర్లలో అయిదింటిని ఎత్తుకుపోగలడని అంచనా. కావున పొడిగించవలెను.

అతను కాగితం మీంచి తలెత్తాడు. “సార్, ఇదేంటి సార్?”

“అంచనా మాత్రమే. పద్ధతి ప్రకారమే రాశాను. ఎంత ఎక్కువ పోతాయంటే అంత గట్టిగా పొడిగిస్తారు కదా. ఏడూ వేయమంటావా?”

భానోజీకి నవ్వు రాలేదు. జమ్మయ్య చెయ్యి చాపాడు. భానోజీ కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, వదల్లేదు. జమ్మయ్య ఇద్దరి వంకా చూసి, ఇదేదో తను వెళ్ళవలసిన వేళ కాదనుకుని గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

“రేపు ఇక్కడ ఒక తీగముక్క పోయినా మా ఇంటికే వస్తారు సార్. మా అమ్మ ముందే నన్ను తీసుకుపోతారు. నేను తీయలేదంటే ఎవరు నమ్ముతారు? కింద నా సంతకమే ఉంది.”

“చదవకుండా ఎందుకు పెట్టావు?”

“మీరు రాశారు కదా సార్ అని...”

అని ఆగిపోయాడు. చెంగుకి వేలు తుడుచుకుంటున్న బుద్రి కళ్ళ ముందు కనిపించింది. ఆమె కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. అంతవరకూ తన కోసం వేసిన భయం ఇప్పుడు వేరే భయంగా మారింది. ఇది మొదటిదానికన్నా చాలా పెద్దది.

సన్యాసినాయుడు గారు చెయ్యి చాపారు. ఈసారి భానోజీ కాగితం ఇచ్చేశాడు. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, జమ్మయ్యని వెళ్ళమన్నారు.

“నీది ఇంకా గుమ్మం దాటలేదు, చింపేశాను,” అన్నారు. “వాళ్ళది ఎందాకా పోయింది?”

భానోజీ ఫోన్ తీసి ఆ అధికారి నంబరు నొక్కాడు. అవతల ఎత్తగానే, “సార్, పేర్లు పంపను. ఆ వాక్యం నేను రాసిందే, నిజం కాదు,” అన్నాడు.