ఎద్దు ఎంగిలి

చిదంబరయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కునేవారు. జవాబు ఇంట్లో దొరికేదయితే ఇంత దూరం వచ్చి తనను ఎందుకడుగుతారని ఆయన వాదన. ముప్ఫై ఏళ్ళు పశువైద్యం పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలాక గరువుపాలెంలో కాలవ గట్టు పక్కన ఒక పెంకుటింట్లో స్థిరపడ్డారు. చదువు పూర్తయినా సందేహాలు పూర్తికాని వాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఆయన దగ్గర ఉండేవారు. కొందరు నెల్లాళ్ళుండి జవాబుతో వెళ్ళేవారు, కొందరు చెప్పులరిగి వెళ్ళేవారు.

ఆ ఏడు ఉన్నది హైమవతి. పశువైద్యంలో బంగారు పతకంతో పట్టా పుచ్చుకుని వచ్చిన పాతికేళ్ళ అమ్మాయి. తెలివైనది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ప్రాణి శరీరం ఆమె కంటికి ఒక మేడ. పైనుంచి మెట్టు మెట్టూ దిగడం ఆమెకు సరదా. ఒంట్లోంచి జీర్ణవ్యవస్థలోకి, అందులోంచి పొట్టలోకి, పొట్టలోంచి దాని కండర కణజాలంలోకి, అక్కణ్ణుంచి ఒక్క కణంలోకి, ఆ కణంలో ఉండే కేంద్రకం దాకా కళ్ళు మూసుకుని దిగిపోగలదు. ఇంత చక్కగా అమర్చిన మేడకి యజమాని లేకుండా ఉండడని, ఏదో ఒక మెట్టు మీద కూర్చుని అంతా నడిపిస్తూ ఉంటాడని ఆమె నమ్మకం.

ఒక ఉదయం కాఫీ వేళకి ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మాస్టారూ, ఆఖరి మెట్టు దాకా దిగి చూశానండీ. అక్కడ యజమాని లేడు. కణంలో పొయ్యి వెలిగించి శక్తి పుట్టించేది మైటోకాండ్రియా కదా, అది పుట్టుకతో మనది కాదట. కోట్ల ఏళ్ళ కిందట ఒక కణం ఇంకో సూక్ష్మజీవిని మింగి, అరిగించుకోలేక, లోపలే ఉంచేసుకుందట. ఇప్పటికీ దాని జన్యువులు కొన్ని దాని దగ్గరే ఉన్నాయి. మరి ఈ ఒంటికి యజమాని ఎవరు? పొద్దస్తమానం నేను, నేను అంటుంటానే, ఆ నేను ఏ మెట్టు మీదున్నట్టు?"

ఆ అడగడంలో నిజమైన దిగులు ఉంది. సొంత ఇల్లనుకున్నది అద్దె ఇల్లని తెలిసిన మనిషి గొంతది. మాస్టారు గ్లాసు కింద పెట్టి, చెప్పుల కోసం మంచం కిందకి వంగారు. అవి దొరికేలోపే వాకిట్లోంచి మంగతాయారు ఏడుపు వినిపించింది.

మంగతాయారు పక్క వీధి ఇల్లాలు. దొడ్డ మనిషి, చెయ్యి పెద్దది. ఆవిడకున్న ఒకే ఒక్క తెగులు ఎంగిలి. మొగుడు తాగిన గ్లాసు విడిగా, తను తాగేది విడిగా. ఊరంతా తినే అప్పడం కూడా ఆవిడ విరిచి, పెదవి తగలకుండా నోట్లోకి విసురుకుంటుంది. కిందటేడు బండి గంగులు ముసలి ఎద్దు భీమన్న దారిన పోతూ పోతూ ఆవిడ గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టింది. ఆవిడ తొట్టెడు కుడితీ పారబోసి, చింతపండు పెట్టి మూడుసార్లు తోమించి, వీధి చివరిదాకా వినపడేలా గంగుల్ని కడిగి పారేసింది. ఆ రోజు నుంచి గంగులు బండి ఆ వీధి మలుపు తిరగలేదు.

ఇప్పుడు ఏడుపు ఆ గేదె గురించే. పేరు రాజ్యలక్ష్మి. నల్లగా నిగనిగలాడుతూ పేరుకి తగ్గట్టే ఉంటుంది. కిందటి వారం తమ కొత్తింటి గృహప్రవేశానికి వండిన అన్నమూ పరమాన్నమూ గుండిగలకొద్దీ మిగిలిపోతే, అది మాత్రం మా ఇంటి మనిషి కాదా అని మంగతాయారు దగ్గరుండి కడుపారా పెట్టింది. గడ్డి తినే ప్రాణికి అంత అన్నం పడితే కడుపు పులిసి ప్రాణం మీదికి వస్తుంది. వచ్చింది. మాస్టారు వంటసోడా తాగించి ఆ గండం గట్టెక్కించి మూడు రోజులైంది. అయినా గేదె గడ్డి ముట్టదు, నెమరు వేయదు.

"నెమరు వెయ్యని గొడ్డు బతకదంట కదండీ మాస్టారూ! నా చేత్తో నేనే చంపుకున్నాను," అంది మంగతాయారు.

మాస్టారికి చెప్పులు దొరికాయి. "హైమా, నీ ప్రశ్న రాజ్యలక్ష్మిని అడుగుదువుగాని, పద. మైక్రోస్కోపు కూడా పట్రా," అన్నారు.

కొట్టంలో గేదె తల వాల్చుకుని పడుకుని ఉంది. మాస్టారు అరుగు మీద కూర్చుని, వైద్యం మొత్తం నీదేనన్నట్టు హైమవతికి చెయ్యి ఊపారు. ఆమె తనకు తెలిసిన మేడ మెట్లన్నీ దిగింది. గుండె సరిగ్గా కొట్టుకుంటోంది. ఊపిరి బాగుంది. జ్వరం లేదు. కాలేయం దగ్గర నొప్పి లేదు. ఎడమ డొక్కలో పిడికిలి అదిమి చూస్తే పెద్ద పొట్ట మాత్రం కదలకుండా ఉంది. కండరానికి దెబ్బ లేదు, నరానికి దెబ్బ లేదు, ఏ భాగానికాభాగం తన చోట తను కుదురుగానే ఉంది. అన్నీ ఉన్నాయి, పని మాత్రం జరగడం లేదు. ఆమెకి కొంచెం భయం వేసింది, ఇంకొంచెం కోపం వచ్చింది.

"ఒంట్లో లోపమేమీ కనబడ్డం లేదండీ," అంది.

"అయితే ఒంటిది కానిది చూడు," అన్నారు మాస్టారు.

ఆమె గేదె గొంతులోకి గొట్టం వేసి పొట్టలోని ద్రవం కాస్త బయటికి తీసింది. ఒక్క చుక్క అద్దం పలక మీద వేసి, ఎండ పడే చోట మైక్రోస్కోపు పెట్టి చూసింది. చుక్కలో గడ్డి పీచు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు వెలిగింది ఆమెకి. గేదె గడ్డి తింటుందనుకుంటాం గాని, గడ్డిని అరిగించే శక్తి గేదె ఒంట్లో ఏ కణానికీ లేదు. పొట్టలో కాపురం ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులే గడ్డిని పులియబెట్టి, తాము బతికి, గేదెను బతికిస్తాయి. పరమాన్నం పులుపుకి అవన్నీ చచ్చిపోయాయి. మేడ చెక్కుచెదరకుండా ఉంది, లోపల వంటవాళ్ళే లేరు.

"వాళ్ళని మళ్ళీ తేవాలండీ," అంది హైమవతి, గొంతులో హుషారు దాచుకోలేక. "నెమరు వేసే పశువు నోట్లోంచి నెమరు ముద్ద తీసి దీనికి తాగిస్తే చాలు. ఈ చుట్టుపక్కల బాగా నెమరు వేసేది ఏదుందండీ?"

చుట్టుపక్కల పాడి గేదెలన్నీ అప్పటికే కాలవ అవతల మేతకి పోయాయి. బండి లాగడం మానేసి ఇంటి దగ్గర, చెట్టు కింద పడుకుని, పనీ పాటూ లేక రోజంతా నెమరు వేసే జీవి ఊళ్ళో ఒక్కటే ఉంది.  ఆ సంగతి మంగతాయారే ముందు గ్రహించింది.

"ఆ ముసలి ఎద్దు ఎంగిలా? నా రాజ్యలక్ష్మికా?"

 మాస్టారు హైమవతి చేత భీమన్న చొంగ కాస్త తెప్పించారు. తెచ్చేటప్పుడు గంగులు ఎందుకని అడగలేదు, మాస్టారు పంపారంటే సరేనన్నాడు. ఆమె అందులో ఒక చుక్కను ఇంకో పలక మీద వేసి, రెండూ సిద్ధం చేసి, "ఒక్కసారి మీరే చూడండమ్మా," అని పక్కకి తప్పుకుంది. మంగతాయారు ముక్కు మీద కొంగు పెట్టుకుని, కన్ను అద్దానికి తగలకుండా జాగ్రత్తపడుతూ వంగింది. ముందు గేదె చుక్క చూసింది. "ఏముందిందులో, ఖాళీ," అంది. తర్వాత ఎద్దు చుక్క చూసింది. కొంగు జారిపోయింది.

"ఓలమ్మో! తిరునాళ్ళు జరుగుతోందే ఇక్కడ! ఇదెవర్తె ఇంత లావుంది, గుండ్రంగా తిరిగేస్తోంది! అదిగో ఇంకోటి, దాన్ని గుద్దుకుని పోతోంది!" ఆవిడ చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక గేదె వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది. "సరే, కానివ్వండి. నేను అటు తిరిగి నిలబడతాను."

"కానివ్వడానికి ముందు అడగాలి కదమ్మా. ఎద్దు గంగులుది. అడగాల్సింది నువ్వు," అన్నారు మాస్టారు.

ఏడాది కిందట వీధి చివరిదాకా వినపడిన గొంతు ఆ పూట గంగులు గుమ్మంలో సగం కూడా పెగల్లేదు. గంగులు ఆవిడ చెప్పిందంతా విన్నాడు. తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"మా ఓడు మూతెట్టేడని తొట్టి మూడు తోములు తోమించేరు కదండీ. ఇప్పుడా మూతిలోదే కావాలంటారా? ఆయ్."

"కావాలి గంగులూ. నీకు దణ్ణం పెడతాను. అది చచ్చిపోతోంది."

గంగులు దణ్ణం దాకా రానివ్వలేదు. "ఊరుకోండమ్మగోరూ, గొడ్డు మీద పంతమేటండీ," అని పెద్దగా నవ్వేశాడు. ఆ నవ్వుతో ఏడాది పంతం ఆ గుమ్మంలోనే తేలిపోయింది.

ఇక మిగిలింది భీమన్న ఒప్పుకోవడం. అసలు కష్టమంతా అక్కడే వచ్చింది. నెమరు ముద్ద పొట్టలోంచి మెడలోకి ఎక్కడం పైకే కనిపిస్తుంది, ఉండలా జరుగుతూ వస్తుంది. అది నోట్లోకి రాగానే పక్కనుంచి చెయ్యి పెట్టి తీయాలి. హైమవతి చెయ్యి చాచిన ప్రతిసారీ భీమన్న గుటుక్కున మింగేసి, నాకేం తెలియదన్నట్టు చూసేవాడు. నాలుగుసార్లు అలా మోసపోయాక ఆమె పట్టా, బంగారు పతకమూ ఆ ఎద్దు ముందు చేతులెత్తేశాయి. మాస్టారు గంగులు అరుగు మీద కూర్చుని శబ్దం రాకుండా నవ్వుతున్నారు. చివరికి గంగులు వచ్చి భీమన్న గంగడోలు గోకుతూ పక్కనే చతికిలబడ్డాడు. ఎద్దు కళ్ళు మూతలు పడ్డాయి. ఉండ ఎక్కింది. హైమవతి చెయ్యి మోచేతిదాకా పోయి, వెచ్చటి పచ్చటి ముద్దతో బయటికి వచ్చింది. చొంగ కారిపోతున్న ఆ ముద్దను ఆమె రెండు చేతులా పట్టుకుని, జీవితంలో మొదటి బహుమతి అందుకున్న పిల్లలా అరిచింది.

ఏడు ముద్దలు తీశారు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో రాజ్యలక్ష్మి గొంతులో పోశారు. అటు తిరిగి నిలబడతానన్న మంగతాయారే గేదె తల ఒళ్ళో పెట్టుకుని, దవడ పైకెత్తి పట్టుకుంది. సాయంత్రం మరో ఏడు ముద్దలు పోశారు. హైమవతి ఇంటికి పోయి పుస్తకం తెరిచింది గాని, కళ్ళు అక్షరాల మీద నిలవలేదు. ఒకవేళ ఆ తిరునాళ్ళ జనానికి కొత్త ఊరు నచ్చకపోతే? వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతే? తను పాతికేళ్ళుగా నేనంటున్నది కూడా ఇలా వచ్చినవాళ్ళ దయేనా అని ఒకసారి అనిపించింది. ఆశ్చర్యం, ఈసారి ఆ ఆలోచనకి దిగులు కలగలేదు. వాళ్ళు ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

మర్నాడు ఎనిమిదింటికి నలుగురూ కొట్టంలో ఉన్నారు. రాజ్యలక్ష్మి ముందు వేసిన వరిగడ్డి కొంచెం తగ్గి ఉంది. హైమవతి ఎడమ డొక్కలో పిడికిలి ఆనించింది. కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత లోపలినుంచి ఏదో నిదానంగా లేచి, ఆమె పిడికిలిని తోసి, మళ్ళీ దిగింది. ఆమె వేలు చూపించింది. గేదె మెడలో ఉండ ఒకటి పైకి ఎక్కుతోంది.

రాజ్యలక్ష్మి దవడ ఒకవైపుకి జరిగింది, మళ్ళీ ఇటు జరిగింది. నెమరు వేస్తోంది. మంగతాయారు ఏడుస్తూ, నవ్వుతూ, కొట్టం దద్దరిల్లేలా అందరినీ పేరుపేరునా పిలిచి చూపించింది, అందరూ అక్కడే ఉన్నా. తర్వాత లోపలికి పరిగెత్తి మజ్జిగ తెచ్చింది. గంగులు ఎప్పటిలా దోసిలి పట్టబోతే అతని చేతులు కిందికి దించి, గ్లాసే అందించింది. అతను పెదవి ఆనించి తాగుతుంటే అటు తిరగలేదు.

"రేపట్నుంచి భీమన్నని ఇటే తోలుకురా," అంది. "కుడితి వేడి తగ్గాక పెడతాను. ఇద్దరూ ఒకే తొట్టిలో తాగుతారు. ముందు వాడే మూతి పెట్టాలి."

"ఆయ్," అన్నాడు గంగులు. 

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద ఎండ చుర్రుమంటోంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా హైమవతి చెయ్యి ఇంకా పచ్చగడ్డి వాసన వేస్తోంది. ఆమె ఆ చెయ్యి మాటిమాటికీ వాసన చూసుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ నడుస్తోంది. ఇల్లు కనపడేసరికి నిన్నటి ప్రశ్న గుర్తుకొచ్చింది.

"ఇంతకీ నా ప్రశ్న అలాగే ఉండిపోయింది మాస్టారూ."

"రాజ్యలక్ష్మి నెమరు వేసిందా?"

"వేసిందండీ!"

"వేసింది రాజ్యలక్ష్మేనా?"

హైమవతి అవుననబోయి ఆగింది. కాదనబోయి మళ్ళీ ఆగింది. మాస్టారు గుమ్మం ముందు చెప్పులు విడిచి, వాటిని ఈసారి జాగ్రత్తగా మంచం కిందికి తోశారు.

"యజమాని ఎక్కడైనా కనిపిస్తే నాకూ చూపించమ్మా," అన్నారు. "ఈలోపు కాళ్ళు కడుక్కురా, కడుపులో ఉన్న చుట్టాలకి అన్నం వేళయింది."