నూకాలు పరుగు సాధన

రాజుగారు వార్తాహరుల కొలువుకు దూరపరుగు పందెం పెట్టారు. తన సాధన పద్ధతికి ఒప్పుకున్నవాళ్లకే ప్రవేశమని వ్యాయామాచార్యుడు వీరభట్టు షరతు పెట్టాడు. ఆ కొలువు దొరికితే ఊరందరి ఇళ్లకూ నీళ్లు మోసే బాధ తప్పుతుందని నూకాలు పేరు రాయించుకోవడానికి రాజసభకు వచ్చింది.

"తెల్లారకముందే పరుగు, రాగానే వేడి జావ, ఒళ్లంతా నూనె మర్దన, మధ్యాహ్నందాకా నిద్ర. నీ వల్ల అవుతుందటే?" అని నవ్వాడు వీరభట్టు.

"భేషుగ్గా ఉంది అయ్యగారూ! మరి జావ కాచేదీ, మర్దన చేసేదీ ఎవరు?"

"ఇంకెవరు, పెళ్లామే!"

నూకాలు రాజుగారికి దణ్ణం పెట్టింది. "ఈ పద్ధతే ఖాయం ప్రభూ. నాకూ ఓ పెళ్లాన్ని ఇప్పించండి. దొరికేదాకా ఆ పనులు అయ్యగారు చూసుకుంటే చాలు."

సభ గొల్లుమంది. "న్యాయంగానే అడిగింది," అన్నారు రాజుగారు.

వీరభట్టుకు ముచ్చెమటలు పోశాయి. "ప్రభూ, పొద్దస్తమానం ఇంటాబయటా ఉరుకులు పెట్టే మనిషికి వేరే సాధన ఎందుకు? వెంటనే పేరు రాయించండి!"