జైనాబీ కంచం

పరుపులు కుట్టే దస్తగిరి భార్య జైనాబీకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేనాటికి ఆమె కుడి కాలూ కుడి చెయ్యీ చచ్చుబడిపోయి ఉన్నాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది. వద్దు. దాహమేసినా అదే, నొప్పి పుట్టినా అదే, మనవరాలు వచ్చి ముద్దు పెట్టినా అదే. అందుకని ఇంట్లో ఎవరూ ఆ మాటను పట్టించుకోవడం మానేశారు.

దస్తగిరి అంగడి మూసేసి ఆమె పక్కనే ఉండిపోయాడు. తల దువ్వేవాడు, చీర మార్చేవాడు, అన్నం మెత్తగా పిసికి తినిపించేవాడు. ఆమెను చిటికెన వేలైనా కదపనిచ్చేవాడు కాదు. ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని వీధిలో ఆడవాళ్లు అనుకుంటుంటే అతనికి కొంచెం గర్వంగానే ఉండేది.

అలాంటిది, ఈమధ్య ఆమె ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేస్తోంది. మనిషి చిక్కి సగమైపోయింది.

అతను దర్గా దగ్గరుండే తన గురువు బాబయ్య తాత దగ్గరికి పోయాడు. చిన్నప్పటి నుంచీ ఆయన మాట జవదాటి ఎరగడు. తాను చేస్తున్న సేవంతా పూసగుచ్చినట్టు చెప్పుకుని, ఆమె మొండితనం తగ్గేలా తాయెత్తు కట్టమని అడిగాడు.

తాత తాయెత్తు ఇవ్వలేదు. "రేపు మధ్యాహ్నం మీ ఇంట్లో తింటా" అన్నాడు, అంతే.

మర్నాడు దస్తగిరి అక్క మస్తానమ్మ వచ్చి వంట చేసింది. తాత జైనాబీ మంచం పక్కనే చాప వేయించుకుని కూర్చున్నాడు. ముందు ఆమెకు పెట్టమన్నాడు.

దస్తగిరి పప్పన్నం కలిపి ముద్ద ఆమె నోటి దగ్గరికి తీసుకుపోయాడు. "వద్దు" అంది జైనాబీ. అతను గడ్డం పట్టుకుని పెట్టాడు. ఆమె ఉమ్మేసింది. చూడండని అతను తాత వైపు తిరిగాడు.

తాత తన కంచం ముందుకు జరిపాడు. దస్తగిరి చెయ్యి కడుక్కొచ్చి వడ్డించాడు. ఇంకో గరిటె వెయ్యబోతుంటే తాత మెల్లగా "వద్దు" అన్నాడు.

గరిటె గాల్లోనే ఆగింది.

"నా మాటకు ఆగితివే" అన్నాడు తాత.

దస్తగిరి తాత వైపు వంగాడు. "ఆమెకొచ్చే మాట అదొక్కటే తాతా. దేనికైనా అదే అంటాది" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ ఒక్కటీ లాక్కుంటివే."

జైనాబీ అతన్నే చూస్తోంది. ఆ చూపులో నీళ్లు లేవు. మండుతోంది.

దస్తగిరి గరిటె గిన్నెలో పెట్టేశాడు. ఆమె వీపు వెనక దిండ్లు ఎత్తుగా పేర్చి కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ఎడమ చెయ్యి కడిగాడు. కంచం ఆ చేతికి అందేలా పెట్టి, తాను నేల మీద కూలబడ్డాడు.

మస్తానమ్మ గబగబా ముందుకొచ్చింది. పెద్దాయన ఎదురుగా ఎడమ చేత్తో తినడమేమిటని తమ్ముణ్ణి ఆపబోయింది.

"అది ఎడమ చెయ్యి కాదమ్మా" అన్నాడు తాత. "ఆమె చెయ్యి."

ఎత్తిన మొదటి పిడికెడు పక్క మీదే పడిపోయింది. తర్వాతది చెంపకు తగిలి జారింది. దస్తగిరి చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్లో బిగించి పట్టుకున్నాడు. జైనాబీ పళ్లు బిగపట్టి మళ్లీ కలిపింది, మళ్లీ ఎత్తింది. ఈసారి నాలుగు మెతుకులు నోట్లోకి పోయాయి. తొందరపడకుండా నమిలి మింగింది. తల పైకెత్తి అందరినీ ఒక్కొక్కరినే చూసి, తిరిగి కంచంలో చెయ్యి పెట్టింది.

పప్పు గడ్డం మీదుగా కారి చీర తడిసిపోతోంది. మస్తానమ్మ తువ్వాలు తీసుకుని వంగింది.

"తుడవాకక్కా" అన్నాడు దస్తగిరి. "ఇంకా తింటాంది."